రిచ్‌మండ్‌లో స్టార్‌డస్ట్ వెతుక్కుంటూ

మొన్న అక్టోబర్‌లో నాన్న మా దగ్గరికి ఇండియానాపొలిస్ వచ్చారు. తెనాలిలో నాదస్వర కచేరీలు విని పెరిగిన మనిషి, జాజ్ గురించి పెద్దగా తెలీదు, కానీ కార్లో నేను పెట్టే, నాట్ కింగ్ కోల్ అనే అమెరికన్ గాయకుడు పాడిన స్టార్‌డస్ట్ అనే పాట మాత్రం ఆయనకి బాగా పట్టేసింది, ఎక్కడికి బయల్దేరినా "ఆ నిదానం పాట పెట్టరా" అనేవారు. ఆ పాట మొట్టమొదట రికార్డయింది ఇక్కడికి గంట దూరంలోనే నాన్నా అంటే నమ్మలేదు. సరే పదండని శనివారం పొద్దున్నే ఐ-70 హైవే ఎక్కేశాం.

రిచ్‌మండ్ ఒహాయో బోర్డర్ దగ్గర ఉన్న చిన్న ఊరు. ఊరి మధ్యలోనే వైట్‌వాటర్ నది కోసేసిన లోతైన లోయ, అందులో ఒకప్పుడు స్టార్ పియానో కంపెనీ ఫ్యాక్టరీ. పాటల రికార్డులు తీసిన జెనెట్ రికార్డ్స్ ఆ కంపెనీదే. స్టూడియో బిల్డింగ్ ఇప్పుడు లేదు. ఒక పొడవాటి పొగగొట్టం, జెనెట్ పేరున్న పాత ఇటుక గోడలు మిగిలాయి అంతే. అయినా అక్కడ నిలబడితే నాకు గుడిలో ఉన్నట్టే అనిపించింది. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ జాజ్ బ్యాండ్ షికాగో నుంచి ఇక్కడికొచ్చింది, అందులో వాయించిన, తర్వాత జాజ్‌లో మహా పేరు తెచ్చుకున్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి రికార్డింగ్స్ అవే. మైకులు లేవు, గోడలోంచి బయటికొచ్చిన పెద్ద గరాటు ముందు నిలబడి వాయించడమే, ఆ శబ్దమే మైనం మీద గీతలు గీసేది. పక్కనే రైలు పట్టాలు, రైలొస్తే వాయించడం ఆపేసి అది వెళ్ళిందాకా కూర్చోవాల్సిందే.

స్టార్‌డస్ట్ మాత్రం 1927 అక్టోబర్ 31న. అప్పటికి జెనెట్‌కి మైకులు వచ్చేశాయి. ఆ పాటకి బాణీ కట్టిన హోగీ కార్మైకేల్‌ది ఇండియానాలోనే బ్లూమింగ్‌టన్, లా చదివాడు, ఇంకో మూడు వారాల్లో 28 నిండుతాయి, ఎమిల్ సైడెల్ బ్యాండ్ వాళ్ళని వెంటబెట్టుకొచ్చి తను పియానో వాయించాడు. రికార్డు నంబర్ 6311. మాటలు లేవు, వాద్యాలే.

ఆ గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ 1927 రికార్డు పెట్టాను. నాన్న కాసేపు విని "ఇది పరిగెడుతోంది కదరా, మన పాటేనా?" అన్నారు. నిజమే, అది డ్యాన్స్ వేసే నడకలో ఉంటుంది, గబగబా. మళ్ళీ పెట్టమన్నారు, ఈసారి కళ్ళు మూసుకుని వేళ్ళతో తొడ మీద తాళం వేస్తూ విన్నారు, విని "అదే పాట, కాలం మార్చారు, అంతే" అన్నారు. నేను ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్న సంగతి ఆయన రెండుసార్లు విని పట్టేశారు.

ఆ కాలం, అంటే పాట వేగం, మారడానికి మూడేళ్ళు పట్టింది. 1928లో హోగీ మాటలతో మళ్ళీ రికార్డ్ చేస్తే జెనెట్ రిలీజ్ చెయ్యలేదు. 1929లో మిచెల్ పారిష్ ఇప్పుడు మనం వినే మాటలు రాశాడు. 1930లో ఐషమ్ జోన్స్ ఆర్కెస్ట్రా వేగం బాగా తగ్గించి, వయొలిన్ ముందు పెట్టి రికార్డ్ చేసింది, అక్కణ్ణుంచే ఇది ప్రేమపాట అయి కూర్చుంది. 1931లో ఆర్మ్‌స్ట్రాంగ్ పాడాడు, నా మట్టుకు అన్నిట్లో గొప్పది అదే, రాసిన ట్యూన్‌ని సగం పక్కనపెట్టి, మాటల్ని నమిలి మింగి, ఒక టేక్‌లో చివర జ్ఞాపకం అన్న మాటనే పట్టుకుని తిప్పి తిప్పి అంటాడు, వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. అవే ఏళ్ళలో ఇండియానాలో నల్లవాళ్ళని ద్వేషించే కు క్లక్స్ క్లాన్ చాలా బలంగా ఉంది, డబ్బులిస్తే జెనెట్ ఫ్యాక్టరీ వాళ్ళ పాటల రికార్డులు కూడా ఒత్తి ఇచ్చేది. నల్లవాళ్ళయిన ఆలివర్, ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి వాయించి వెళ్ళింది ఆ ఫ్యాక్టరీలోనే. ఇది చెప్తే నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత లోయలోనే, ఇక్కడ రికార్డ్ చేసిన కళాకారుల పేర్లతో ఉన్న వాక్ ఆఫ్ ఫేమ్ చూశాం, పెద్ద రికార్డు ఆకారంలో నేలలో పొదిగిన రంగుల ఫలకాలు, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆలివర్, జెల్లీ రోల్ మోర్టన్, బిక్స్ బైడర్‌బెక్, హోగీ. హోగీ ఫలకం మీద ఎండుటాకులు పడి ఉంటే నాన్న వంగి చేత్తో తుడిచారు.

తిరుగు ప్రయాణంలో స్టార్‌డస్ట్ రికార్డులన్నీ ఏడాది వరసలో వింటూ వెళ్దామని ప్లాన్ వేశాను. కానీ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరికొచ్చేసరికి నాన్న ముందుకి కదలనివ్వలేదు, ఒక టేక్ తర్వాత ఇంకో టేక్, మళ్ళీ మొదటిది, ఇంటి ముందు కారాపేసరికి ఇంకా 1931లోనే ఉన్నాం. 1940లో ఆర్టీ షా బ్యాండ్ చేసిన స్టార్‌డస్ట్ రికార్డుని, మర్నాడు హోగీ సమాధి చూడ్డానికి బ్లూమింగ్‌టన్ వెళ్ళే దారికి ఉంచుకున్నాం.