కూర్చుంటేనా, పడుకుంటేనా?

పాప అన్నప్రాసన అయ్యాక గానీ ఇది రాయబుద్ధి కాలేదు.

సిజేరియన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కూర్చోబెట్టి వంగమన్నారు, నడుములో మత్తు సూది గుచ్చారు. ఒకసారి కుదరలేదు, మళ్లీ గుచ్చారు. కాళ్లు వెచ్చబడి మొద్దుబారిపోయాయి. చేతులు గజగజ వణికాయి. పాప ఏడుపు విన్నాను. అంతే.

మర్నాడు సాయంత్రం పాలివ్వడానికి లేచి కూర్చున్నాను. నడినెత్తిన రోకటి పోటు పడ్డట్టయింది. మెడ పట్టేసింది. పడుకున్న కాసేపటికి తగ్గింది. లేస్తే మళ్లీ మొదలు. దిండు పెట్టుకున్నందుకే అంది నర్సు. చెవుల్లో దూది తీసేశావు, గాలి సోకిందని అత్తయ్య దిష్టి తీశారు. బాలింత పథ్యమని నీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టే ఇచ్చేవారు. డ్యూటీ డాక్టరు ఫోన్ చూసుకుంటూ, "ఆపరేషన్ అన్నాక తలనొప్పి రాదా అమ్మా? రెండో కాన్పుకి కూడా ఇంత సుకుమారమా?" అని బిళ్ల రాసి వెళ్లిపోయాడు.

సుకుమారమట. కుట్లు పచ్చిగా ఉన్న మనిషితో.

మూడో రాత్రి చెవుల్లో హోరు మొదలైంది. ఫ్యాను రెండుగా కనిపించింది. మావారు కింద చాప మీద నిద్రపోతున్నారు. పాప ఏడుస్తోంది, లేవలేను. మా పిన్నమ్మ బాలింతగా ఉన్నప్పుడే ఫిట్స్ వచ్చి పోయింది. నాకూ అదేనని గట్టిగా అనిపించింది. పెద్దదానికి జడలెవరు వేస్తారు అని ఒకటే ఆలోచన, ఎందుకో అదే. అన్నవరం సత్యదేవుడికి మొక్కుకుని మావారిని లేపాను.

ఇంకేదో ఎమర్జెన్సీ కేసు కోసం మత్తు డాక్టరు అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. వస్తూనే, "కూర్చుంటే ఎక్కువవుతుందా, పడుకుంటే తగ్గుతుందా?" అని అడిగారు. అన్ని రోజుల్లో ఆ మాట అడిగింది ఆయనొక్కరే. బీపీ, జ్వరం, కాళ్లూ చేతుల బలం అన్నీ చూశాక చెప్పారు: వెన్నుపాము చుట్టూ నీళ్లుండే పొరకు సూదితో పడిన చిల్లు మూసుకోలేదు. నీళ్లు కారుతున్నాయి, అందుకే లేస్తే తలలో లాగుతోంది. దిండుకీ దీనికీ సంబంధం లేదు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ ఈ మత్తు తన మీదే ప్రయోగం చేయించుకుని, ఇదే తలనొప్పితో తొమ్మిది రోజులు పడ్డాడట. ఆయన్ని కూడా ఎవరైనా సుకుమారం అన్నారా అని అడగాలనిపించింది.

ఆ సూది గుచ్చిందీ ఈయనే. నేను దండం పెట్టిందీ ఈయనకే. మర్నాడే ఒక్కసారి వచ్చి చూసి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు కదా అన్న కోపం ఇప్పటికీ పోలేదు.

మరో రోజు నీళ్లు, కాఫీ, మాత్రలతో చూశారు. తగ్గలేదు. అప్పుడు నా చేతి నుంచే 20 మిల్లీలీటర్ల దాకా రక్తం తీసి, నడుములో ఆ పొరకు బయట ఎక్కించారు. చిల్లుకి మాటు వేసినట్టన్నమాట. రెండు గంటలు వెల్లకిలా పడుకోబెట్టారు. తర్వాత భయపడుతూనే లేచి కూర్చున్నాను. ఏమీ లేదు! నడుము కొంచెం బరువుగా ఉంది, అంతే. పాపని ఒళ్లో పెట్టుకుని ఏడ్చేశాను. అందరికీ ఒక్కసారికే తగ్గదట, నా అదృష్టం.

మీ ఇంట్లో ఎవరికైనా వెన్నుకి మత్తిచ్చాక తలనొప్పి వస్తే, కూర్చుంటేనా పడుకుంటేనా అన్నది గమనించి మత్తు డాక్టరునే పిలిపించండి. జ్వరం, ఫిట్స్, బీపీ పెరగడం, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం లాంటివుంటే క్షణం ఆగొద్దు.

మొన్న అన్నవరంలో వ్రతం చేసుకున్నాం. ఐదు కథలూ నిటారుగా కూర్చునే విన్నాను. ఇంటికొచ్చి డిశ్చార్జి కాగితాలు సర్దుతుంటే అందులో, "ఆపరేషన్ తర్వాత ఎలాంటి ఇబ్బందులూ లేవు" అని ఉంది. రేపెప్పుడైనా మళ్లీ మత్తివ్వాల్సి వస్తే ఆ డాక్టరుకి తెలియాలి కదా. తలనొప్పి సంగతి, రక్తం ఎక్కించిన తేదీ పక్కన పెన్నుతో నేనే రాసి పెట్టుకున్నాను.