మొక్కల అక్వేరియంలో ఏ చేపను ఏ చేపతో కలపాలి

మొక్కల అక్వేరియం కుదురుకుని, నీళ్లు తేటపడిన తర్వాత ఎవరికైనా వచ్చే మొదటి సందేహం ఒకటే: ఈ చేప ఆ చేపతో కలిసి ఉంటుందా? దీనికి జవాబుగా చేపల పేర్లను అడ్డంగానూ నిలువుగానూ వేసి, గళ్లలో టిక్కులూ ఇంటూలూ పెట్టిన పట్టికలు కావలసినన్ని దొరుకుతాయి. అవి బొత్తిగా పనికిరావని అనను గానీ, వాటిని చేతపట్టుకుని చేపలు కొనడానికి బయలుదేరడం నాకు సమ్మతం కాదు. పన్నెండింటి గుంపులో తమలో తాము తిరుగుతూ ఎవరి జోలికీ పోని చేపలు, మూడే ఉన్నప్పుడు పక్కవాటి తోకలు కొరకడం మొదలుపెడతాయి. పట్టికలో మాత్రం రెండు సందర్భాలకూ ఒకే గడి, ఒకే గుర్తు. చేప నెమ్మదితనం దాని జాతి మీద ఎంత ఆధారపడుతుందో, మనం ఇచ్చే నీటి మీద, చోటు మీద, తోటి చేపల సంఖ్య మీద అంతకు మించి ఆధారపడుతుంది. కనుక తక్కువ జాతులను ఎంచుకుని, ఒక్కొక్క జాతిని పెద్ద గుంపుగా ఉంచడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఎంపిక నీటి నుంచి మొదలుకావాలి. ఇంటికి వచ్చే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎంతో, కఠినత్వం ఎంతో ముందుగా పరీక్షించుకుంటే సగం పేర్లు వాటంతట అవే జాబితాలోంచి తొలగిపోతాయి. కఠినమైన నీటిలో, పీహెచ్ 7 నుంచి 8 మధ్య, గప్పీలు, ప్లాటీలు, మోలీలు హాయిగా పెరిగి పిల్లలు పెడతాయి. అమెజాన్ ఉపనదులకు చెందిన టెట్రాలలో చాలావాటికి మృదువైన, కొద్దిగా ఆమ్లగుణం గల నీరు నప్పుతుంది. చేప కోసం రసాయనాలు పోసి పీహెచ్‌ను కిందికి దించే ప్రయత్నం సాధారణంగా ఫలించదు. కఠినమైన నీటిలో కరిగి ఉన్న కార్బొనేట్లు దానిని మళ్లీ పైకి తెస్తాయి, ఆ ఎగుడుదిగుళ్లే చేపకు ఎక్కువ హాని చేస్తాయి. ఉన్న నీటికి తగిన చేపను తెచ్చుకోవడం తేలిక. ఇక్కడ ఒక వెసులుబాటు కూడా ఉంది. నియాన్ టెట్రాలు నేడు చాలా వరకు పెంపకం కేంద్రాలలో పుట్టినవే కనుక మధ్యస్థమైన నీటికి కూడా అలవాటుపడతాయి. అయితే బ్రెజిల్‌లోని రియో నెగ్రో నదీ ప్రాంతంలో సహజ జలాల నుంచి పట్టి తెచ్చిన కార్డినల్ టెట్రాల విషయంలో అంత ధీమా తగదు.

ఉష్ణోగ్రతను చాలామంది పట్టించుకోరు. రామ్ సిక్లిడ్‌కు 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, వైట్ క్లౌడ్ మినోకు 22 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. రెండూ చిన్నవే, రెండూ నెమ్మదైనవే, అయినా ఒకే తొట్టిలో పెడితే ఏదో ఒకటి ఎప్పుడూ ఇబ్బంది పడుతూనే ఉంటుంది. అక్వేరియం మొక్కలలో ఎక్కువ భాగం 22 నుంచి 26 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి, పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. కాబట్టి 24 లేదా 25 డిగ్రీల దగ్గర సుఖంగా ఉండే చేపలను మాత్రమే పరిశీలించడం మొక్కలకూ చేపలకూ క్షేమం.

నీటి తర్వాత చూడవలసింది నోరు. చిన్న చేపను పెద్ద చేప మింగడం నీటిలో మొదటి నుంచీ ఉన్న న్యాయమే కనుక, నోట్లో పట్టే ప్రతిదాన్నీ చేప ఆహారంగానే చూస్తుంది; అందులో కోపతాపాల ప్రసక్తి లేదు. ఏంజెల్ చేపను, నియాన్ టెట్రాలను కలిపి పెంచవచ్చా అన్న ప్రశ్న అందుకే ఎప్పటికీ తెగదు. కొనేటప్పుడు ఏంజెల్ చిన్నపిల్ల, కాబట్టి నియాన్ల మధ్య నెలల తరబడి బుద్ధిగా తిరుగుతుంది. ఆ కొన్ని నెలలు చూసినవారు కలుపవచ్చని చెబుతారు. అది క్రమంగా పదిహేను సెంటీమీటర్ల దాకా పెరిగిన తర్వాత, సన్నగా నాలుగు సెంటీమీటర్లకు మించని నియాన్ దాని నోటికి సరిగ్గా సరిపోతుంది. రెండూ అమెజాన్ ప్రాంతానివే కనుక ఒద్దికగా ఉంటాయనే వాదన కూడా వినిపిస్తుంది గానీ, అక్కడ కూడా అలాంటి చిన్న చేపలు ఏంజెల్‌కు ఆహారమవుతాయన్న సంగతి ఆ వాదన చేసేవారు చెప్పరు. చెర్రీ రొయ్యల సంగతి ఇంకా సున్నితం. పెద్ద రొయ్యలను వదిలేసే చిన్న చేపలు సైతం వాటి పిల్లలను ఏరుకుని తింటాయి. జావా మాస్ అనే సన్నని మొక్కను దట్టంగా పరిచిన చోట మాత్రమే కొన్ని మిగిలి పెద్దవవుతాయి.

నోటితో పాటు ఒంటి పెరుగుదల. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: అమ్మకానికి పెట్టిన చేప దాదాపు ఎప్పుడూ పిల్లే. వేలెడంత ఉన్న బాలా షార్క్ ముప్ఫై సెంటీమీటర్లు దాటుతుంది, సాధారణ ప్లెకో ఇంకా పెద్దదవుతుంది, క్లౌన్ లోచ్ కూడా ఇరవై సెంటీమీటర్లు మించుతుంది. గాలన్‌కు ఒక అంగుళం చేప అనే పాత లెక్కను నేను లెక్కలోకే తీసుకోను, ఎందుకంటే పది అంగుళాల చేప ఒక్కటి ఒక అంగుళం చేపలు పదింటితో సమానం కాదు; పొడవు పదింతలైతే శరీర పరిమాణం వెయ్యింతల వరకు పెరుగుతుంది, తినే తిండీ విసర్జించే మలినమూ దానికి తగ్గట్టే పెరుగుతాయి.

నాచు తినే చేప అన్న పేరుతో జరిగే పొరపాటును మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే మొక్కల అక్వేరియం పెట్టినవారే నాచును చూసి కంగారుపడి దానిని కొంటారు. చైనీస్ ఆల్గీ ఈటర్ చిన్నప్పుడు నాచు బాగానే తింటుంది. పెరిగేకొద్దీ నాచు మీద ఆసక్తి పోయి, తన చోటు కోసం తగవులాడుతూ, వెడల్పు శరీరం గల చేపల పక్కలకు నోటితో అతుక్కుని వాటి ఒంటి మీది జిగురుపొరను గీకి తింటుంది. ఆ గాయాలలో తర్వాత బూజు పడుతుంది. సయామీస్ ఆల్గీ ఈటర్ వేరు. దాని నల్లని చార తోక చివరి దాకా సాగుతుంది, అద్దానికి నోటితో గట్టిగా అతుక్కుని వేలాడే అలవాటు దానికి లేదు. అయితే అది కూడా పదిహేను సెంటీమీటర్ల వరకు పెరిగే చురుకైన చేప, కాబట్టి చిన్న తొట్టికి రెండూ వద్దనే అంటాను.

ఇప్పుడు అసలు విషయమైన గుంపు దగ్గరకు వస్తాను. టెట్రాలు, రాస్బోరాలు, డానియోలు, బార్బ్‌లు గుంపులో పుట్టి గుంపులో బతికే చేపలు. వాటి సంఖ్య తగ్గినప్పుడు రెండు రకాల ఫలితాలు కనిపిస్తాయి. పిరికి జాతులైతే రంగు వెలిసిపోయి మొక్కల వెనుక నక్కి, తిండికి కూడా బయటకు రావు. చురుకైన జాతులైతే తమలో తాము తేల్చుకోవలసిన పెద్దరికం తగవులను తొట్టిలోని ఇతర చేపల మీద చూపిస్తాయి. టైగర్ బార్బ్‌లకూ సెర్పే టెట్రాలకూ వచ్చిన చెడ్డపేరులో పెద్ద భాగం, వాటిని మూడూ నాలుగూ చొప్పున కొన్నవారి పుణ్యమే. పన్నెండు, పదిహేను ఉన్నప్పుడు ఆ తరుముకోవడాలు గుంపు లోపలే సాగి, చూడడానికి కూడా ముచ్చటగా ఉంటాయి. అంతమాత్రాన పొడవైన వాజాలున్న చేపలతో వాటిని కలపమని కాదు. ఎంత పెద్ద గుంపైనా ఆ కొరికే బుద్ధి పూర్తిగా పోదు.

కనీసం ఆరు ఉండాలని అందరూ చెబుతారు. ఆరు కొంటే వాటిలో ఒకటి రెండు పోగానే గుంపు గుంపుగా మిగలదు కనుక, పది నుంచి మొదలుపెట్టాలన్నది నా లెక్క. ఐదు జాతుల నుంచి మూడేసి చేపలు తెచ్చి పెట్టిన తొట్టిలో పదిహేను చేపలు ఉంటాయి గానీ గుంపు ఒక్కటీ ఉండదు. ఒకే జాతి చేపలు పదిహేను ఉన్న తొట్టిలో అవన్నీ ఒక్కసారిగా మొక్కల సందుల్లోంచి మలుపు తిరిగే దృశ్యం చూసినవారు రకాల కోసం తహతహలాడరు. అడుగున తిరిగే కోరీడోరాస్‌ల (కోరీల) విషయంలో ఈ నియమం మరింత కచ్చితంగా పాటించాలి. రెండు బ్రాంజ్, రెండు పాండా, రెండు స్టెర్బై కోరీలు కలిస్తే ఆరు కోరీలు అవుతాయి అనుకోవడం మన లెక్క. అవి మాత్రం ఎక్కువగా తమ జాతి వాటినే వెతుక్కుంటాయి.

ఒక గుంపు పై నీటిలోనో మధ్యలోనో, ఒక గుంపు అడుగున, వాటికి తోడుగా ఒంటరిగానో జంటగానో తిరిగే కాస్త పెద్ద చేప ఒకటి. ఇంతకు మించి జాతులు అవసరం లేదు. ఆ పెద్ద చేప స్థానానికి నా మొదటి ఓటు హనీ గౌరామికే. ఐదు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ చేప నిదానంగా, మొక్కల ఆకులను తడుముతూ తిరుగుతుంది. మగది నురుగు గూడు కట్టినప్పుడు మాత్రం కొద్ది చోటును కాపు కాస్తుంది. రంగుల కోసం డ్వార్ఫ్ గౌరామిని ఎంచుకునేవారు రెండు మగవాటిని ఒకే తొట్టిలో పెట్టకూడదు, పైగా ఆ జాతిలో నయంకాని ఇరిడోవైరస్ జబ్బు ఉంది. ఫైటర్ చేపను నలుగురిలో పెట్టడం కొందరికి కుదురుతుంది, ఒక్కొక్క చేప స్వభావాన్ని బట్టి ఉంటుంది. కుదరకపోతే దానిని మార్చడానికి వేరే తొట్టి సిద్ధంగా లేనివారికి నేను సలహా ఇవ్వను.

మొక్కలు ఈ వ్యవహారంలో అలంకారం కోసం మాత్రమే లేవు. వాలిస్నేరియా వంటి పొడవాటి ఆకులు, పెద్ద చెట్టుకొయ్య, జావా ఫెర్న్ పొద చేపల చూపును అడ్డగిస్తాయి; తరిమే చేపకు తాను తరుముతున్న చేప కనబడకపోతే తగవు అక్కడితో ఆగుతుంది. నీడలో, గోధుమరంగు నీటిలో బతికే టెట్రాలు బలమైన దీపాల కింద వెలవెలబోతాయి కనుక, తేలియాడే మొక్కలతో కొంత భాగాన్ని నీడగా ఉంచితే వాటి ఎరుపూ నీలమూ తిరిగి వస్తాయి. హార్లెక్విన్ రాస్బోరా అయితే క్రిప్టోకొరైన్ వంటి వెడల్పు ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. అదే సమయంలో, మొక్కలకు శత్రువులైన చేపలు కూడా ఉన్నాయి: సిల్వర్ డాలర్లు ఆకులు మేస్తాయి, బ్యూనస్ ఎయిరిస్ టెట్రాలు లేత చిగుళ్లను వదలవు, గోల్డ్‌ఫిష్‌లు వేళ్లు పెకలిస్తాయి. అడుగున పదునైన రాళ్లు ఉంటే కోరీడోరాస్‌ల మీసాలు అరిగిపోతాయి కాబట్టి, కనీసం ముందు భాగంలోనైనా మెత్తని ఇసుక పరవాలి. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవారు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో గమనిస్తూ ఉండాలి; మొక్కల కోసం గ్యాస్ పెంచి, చేపలకు ఊపిరి ఆడకుండా చేసి, తర్వాత ఆ నిస్సత్తువకు జబ్బు పేరు వెతకడం నేను చూశాను.

ఉదాహరణకు తొంభై సెంటీమీటర్ల పొడవు, నలభై ఐదు సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టిలో, ఇసుకా మొక్కలూ పోను సుమారు నూట యాభై లీటర్ల నీరు పడుతుంది. మధ్యస్థమైన నీరు గలవారైతే అందులో పదిహేను హార్లెక్విన్‌లు, ఎనిమిది బ్రాంజ్ కోరీలు, ఒక జంట హనీ గౌరామిలు పెట్టుకోవచ్చు. ముందు మొక్కలు వేళ్లూని, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరాక హార్లెక్విన్‌లను, కొన్ని వారాల తర్వాత కోరీలను, చివరగా గౌరామిలను వదలాలి. చోటును తమదనుకునే చేప ముందే వస్తే, తర్వాత వచ్చినవాటికి మర్యాద దక్కదు. ప్రతి గుంపునూ రెండు నుంచి నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, తెల్లమచ్చల వంటి జబ్బులు లేవని చూసుకున్నాకే కలపాలి. నాచు తినే చిన్న చేపలైన ఓటోసింక్లస్‌లు ఆరింటికి కూడా ఇందులో చోటుంది గానీ, కొత్త తొట్టిలో వాటికి మేత ఉండదు. అద్దం మీదా ఆకుల మీదా పలుచని నాచు పొర నిలకడగా ఏర్పడే వరకు నెలల తరబడి ఆగి, పొట్ట లోపలికి పోకుండా గుండ్రంగా ఉన్నవాటినే ఎంచి తెచ్చి, ఉడికించిన గుమ్మడి లేదా దోసకాయ ముక్కలను మొదటి రోజు నుంచే అడుగున పెట్టాలి.