గరాజ్‌లో మొదటిసారి .223 లోడ్ చేశా
టెక్సాస్ వచ్చాక షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం అలవాటైంది గానీ తూటాలు ఇంట్లోనే చేసుకోవచ్చని మా బావ చెప్పేదాకా తెలీదు, ఈ వీకెండ్ ఆయన పక్కనే కూర్చుని .223 రెమింగ్టన్ అనే రైఫిల్ తూటాలు మొదటిసారి లోడ్ చేశా, ఆ ఆనందం ఇంకా తగ్గట్లేదు. కాల్చేసిన ఇత్తడి కేసుకి వేలితో కొంచెం లూబ్ రాసి ప్రెస్ హ్యాండిల్ లాగితే పాత ప్రైమర్ (కేసు అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న మూత) టక్కున ఊడి పడింది, కేసు మళ్లీ సైజుకొచ్చింది. పొడవు 1.760 అంగుళాలు దాటితే ట్రిమ్ చేయాల్సిందే, అందుకే ఒక్కోదాన్నీ క్యాలిపర్‌తో కొలిచా.

అసలు పని పౌడర్ దగ్గర, అదే తూటాలో మండే మందు. కొలత గ్రెయిన్లలో, పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే ఎంత చిన్న కొలతో చూడండి, స్కేల్ మీద నాలుగు పలుకులు పడినా అంకె మారిపోద్ది. "అరేయ్, ఫోన్ పక్కన పెట్టు, మాట్లాడకు కూడా" అన్నాడు బావ, కరెక్టే. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి, మాన్యువల్‌లో రాసిన స్టార్టింగ్ లోడ్, అంటే మొదట వాడాల్సిన తక్కువ పౌడర్ కొలత, నుంచే మొదలెట్టాలి, ఎవడో నెట్‌లో రాసిన లెక్క అస్సలు నమ్మకూడదు. కేసులన్నీ వరసగా ట్రేలో పెట్టి టార్చ్ వేసి పౌడర్ ఒకే ఎత్తులో ఉందని చూశాకే కేసుల మూతిలో బుల్లెట్లు (తూటాలో ఎగిరి వెళ్లే ముందు భాగం) కూర్చోబెట్టాం.

ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక మాట, అక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే నేరం, దయచేసి ట్రై చేయొద్దు.

డబ్బు మిగులుద్దని చాలామంది చేస్తారు, నాకు మాత్రం అంత శ్రద్ధగా చేసే పనే నచ్చేసింది. రేంజ్‌లో బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి ఒక్కో తూటాకి స్పీడ్ ఎంత తేడాగా వస్తుందో చూడాలి.