సద్దుల బతుకమ్మకు ముందు పని

ఈసారి మా హనుమకొండ కాలనీ సద్దుల బతుకమ్మ ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. అందరూ డీజే ఎవరని అడుగుతుంటే నేను ముందు చెరువు మెట్లు చూసి రావాలని పట్టుబట్టాను. బతుకమ్మలను నీళ్లలో వదిలేది చీకటి పడ్డాకే కదా, పట్టపగలు చూసొస్తే ఏం తెలుస్తుంది? దీపాలు పెట్టే వేళకు టార్చి పట్టుకుని వెళ్లాం. అడుగు మెట్లు పాచి పట్టి నున్నగా జారుతున్నాయి. గీకించి, పక్కన తాడు కట్టించి, ఈత వచ్చిన కుర్రాళ్లను అక్కడ నిలబెట్టాలని ఆ రాత్రే ఖాయం చేశాం.

మైకుకు పోలీసు అనుమతి తీసుకున్నాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ మోగకూడదు. అందుకే ఆట పొద్దు వాలకముందే మొదలుపెట్టాం. చందాల సంగతి అడగకండి, అదొక మహాభారతం.

"సత్తుపిండి ఎవరు, మలీద ఎవరు, ముందే రాసుకో బిడ్డా, లేకుంటే అందరూ పులిహోరే తెస్తారు" అంది ఎదురింటి పెద్దమ్మ. రాసుకున్నాను, ఇంటింటికీ తిరిగి చెప్పాను. అయినా సగం గిన్నెల్లో పులిహోరే!