రోకలి మీద కప్ప

సెలవు మీద విశాఖ వచ్చి, ఆనందపురంలో మా ఇంట్లో ఉన్నాను. జూన్ సగం గడిచినా చినుకు లేదు. ఒక పొద్దున్న వీధి పిల్లలు వాన కోసం కప్పని రోకలికి తాడుతో కట్టి, కప్పతల్లి అంటూ మోసుకుని గుమ్మంలోకొచ్చారు. అమ్మ బిందెతో నీళ్లు పోసింది. నా చూపు మాత్రం తాడు మీదే ఉంది. గొంతుకి రెండు పక్కలా ముదురు మడతలు, మగది. తొడ దగ్గర తాడు ఒరుసుకుని చర్మం ఎర్రబడింది.

"కాస్త వదులుగా కట్టండ్రా, చేతులు తడుపుకుని పట్టుకోండి" అన్నాను.

అమ్మ బిందె దించింది. "అక్కడ నువ్వు సూదులు పొడుస్తావు కదేటి నానా. పిల్లలు తాడు కడితే తప్పయిపోయిందా?"

నలుగురిలో అనేసరికి నోరు పెగల్లేదు. పనిలోకి తిరిగొచ్చి నెలైనా ఆ మాట నన్ను వదల్లేదు.

థాయ్‌లాండ్‌లో ఖోన్ కేన్ దగ్గర కప్పల ఫారంలో బ్రీడింగ్ నా పని. మన పొలం కప్పకి దగ్గర చుట్టమే అది. వానపడితే గుడ్లు పెడుతుంది, చలికాలంలో పెట్టదు. కప్ప పిల్లలకి ధర పలికేది ఆ చలికాలంలోనే. అందుకే తొట్టిలో అయిదారు సెంటీమీటర్ల నీళ్లు పెట్టి, స్ప్రింక్లర్లతో వాన కురిపిస్తాం. ఆడకప్పని తూచి, బరువుని బట్టి హార్మోన్ ఇస్తాం. గుడ్లు పెట్టమని మెదడు తన కిందనున్న పిట్యూటరీ గ్రంథికి పంపే కబురుకి అది నకలు. దాంతో డోంపెరిడోన్ కలుపుతాం, వాంతులకి మనం వేసుకునే మందే. ఆ కబురుకి అడ్డుపడే డోపమైన్ అనే రసాయనాన్ని అది ఆపుతుంది. సాయంత్రం సూది వేసి మగదాన్ని జత చేస్తే, తెల్లారేసరికి నీటి మీద నువ్వులు చల్లినట్టు గుడ్లు తేలుతాయి.

దొరికిన ప్రతిదానికీ పొడిచెయ్యం. ఆడదాని పక్కలు వేలికి గరుకుగా తగిలితేనే అది సిద్ధమైనట్టు. చేరిన వారంలోనే పొడి చేత్తో పట్టుకున్నానని యజమానురాలు కప్పని లాగేసుకుంది. ఒక్క మాట అనలేదు. నా చెయ్యి బకెట్లో ముంచి, కప్పని మళ్లీ నా చేతిలో పెట్టింది. కప్ప చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది, పొడి చేతికి దాని జిగురు పొర ఊడొస్తుంది.

ఇక్కడికి రాకముందు భీమిలి తీరంలో రొయ్యల హేచరీల్లో ఏళ్ల తరబడి చేశాను. గుడ్లు త్వరగా ఎదగాలని తల్లి రొయ్య కంటి కాడని వేడి పటకారుతో నొక్కేసేవాళ్లం. గుడ్ల ఎదుగుదలని ఆపే హార్మోన్ ఆ కాడలోనే ఉంటుంది. సాయంత్రం ఇంటికొస్తే "అలిసిపోయావా నానా" అనే అడిగింది అమ్మ. రొయ్య కన్ను గురించి ఆమె అడగలేదు, నాకూ తోచలేదు. పరాయి దేశంలో ఒకామె నా చెయ్యి తడిపితే తప్ప ఆ సంగతి తట్టలేదంటే కష్టంగానే ఉంది.

మన పిల్లలు సాయంత్రానికి కప్పని చెరువులో వదిలేశారు. మా ఫారంలో పెరిగింది బజారుకే పోతుంది. ఇది అమ్మ అనలేదు, నేనే అనుకుంటున్నాను. 1987లో నిషేధం వచ్చేదాకా మన దేశం నుంచీ కప్ప కాళ్లు ఎగుమతయ్యేవి. అవన్నీ పొలాల్లో పట్టినవే. ఫారంలో పుట్టిస్తే పొలం కప్ప పొలంలోనే ఉంటుంది కదా అని మొన్న ఫోన్లో అమ్మకి చెప్పాను.

అంతా విని, "సూది దిగితే దానికి నొప్పెడతాదా?" అంది.

వెనక కాళ్లు బిగదీస్తుందని చెప్పాను. సన్న సూదే వాడతామని కూడా చెప్పాను.