అమ్మని ఎవరూ అడగలేదు

"పిల్లని ఎలా పెంచారమ్మా మీరు?" తెనాలి వైపు మేం మొదట కలిసిన డాక్టరు అమ్మని అడిగిన మొదటి మాట ఇది. ఈ జబ్బుకి తల్లి పెంపకమే మూలమని కూడా సెలవిచ్చాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బు నెమ్మదించి ఇన్నేళ్ళయినా ఆయన మీద నా కోపం మాత్రం నెమ్మదించలేదు.

జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మొదలైంది. ఎవరో ఇద్దరు నా గురించే మాట్లాడుకుంటున్నట్టు వినపడేది. తాయెత్తులు, ఇంజెక్షన్లు, ఒక మందు పడక ఇంకో మందు, ఇవన్నీ అందరికీ జరిగేవే. ఒలాంజపైన్ అనే మందుతో ఒళ్ళొచ్చింది, గొంతులు తగ్గాయి.

మర్చిపోలేనిది ఒక రాత్రి. కరెంటు లేదు, ఉక్కపోత. బిందెలో నీళ్ళల్లో ఏదో కలిపారని గొంతులు చెప్పాయి. కలిపింది అమ్మేనని కూడా చెప్పాయి. బిందె ఎత్తి గుమ్మంలోకి విసిరేశాను. నాన్న గది బయట గొళ్ళెం పెట్టబోయారు. "వద్దండీ, బంధిస్తే ఇంకా బెదిరిపోద్ది" అని అమ్మ ఆ తడి నేల మీదే గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఎప్పుడు నిద్రపోతుందా, ఎప్పుడు దాటి పారిపోదామా అని నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ కన్ను మూస్తేగా! తెల్లారాక బోరింగు నీళ్ళు తెచ్చి, ముందు తను తాగి చూపించి, అదే గ్లాసు నాకిచ్చింది.

చెల్లికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. "ఆ ఇంట్లో పిచ్చి ఉందంట" అని మోసింది మావాళ్ళే. పేర్లు రాయను, వాళ్ళకి తెలుసు.

ఆ తర్వాత బెంగళూరు వెళ్ళాం. అక్కడ పరిశోధన చేస్తున్న ఒక తెలుగమ్మాయి నన్ను బయట కూర్చోబెట్టి అమ్మని ప్రశ్నలు అడిగింది. ఎంత ఖర్చయింది, అప్పు చేశారా, ఇంటి పనులు ఆగిపోయాయా, చుట్టాలిళ్ళకి వెళ్ళడం మానేశారా, మీ ఒంట్లో ఎలా ఉంది. కుటుంబం మీద పడే భారాన్ని కొలవడానికి శైలా పాయ్, ఆర్.ఎల్. కపూర్ అనే పరిశోధకులు 1981లోనే ఇలాంటి ప్రశ్నావళి మన దేశంలో తయారుచేశారని తర్వాత తెలిసింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "నాకు నిద్ర పడుతుందా అని కూడా అడిగిందే ఆ పిల్ల" అని బస్సులో మళ్ళీ మళ్ళీ చెప్పింది. అమ్మకి బీపీ ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

కోలుకున్నాక చదివాను. తల్లి వల్లే ఈ జబ్బు వస్తుందన్న వాదం 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలి రాతతో పేరుకెక్కింది. తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. ఆ కబురు మా డాక్టరుగారిదాకా చేరినట్టు లేదు! లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన తోటివారు చూసింది వేరే సంగతి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్ళకి దెప్పుళ్ళు, ఈసడింపు, అతిగా పట్టించుకోవడం ఎక్కువున్న చోట జబ్బు తిరగబెట్టడమూ ఎక్కువ. జబ్బు తెచ్చిపెట్టింది ఇల్లేనని కాదు. అదే కొలతతో చండీగఢ్‌లో చూస్తే అలాంటి ఇళ్ళు లండన్ కన్నా తక్కువే కనిపించాయి. ఆ లెక్క ఇంట్లోవాళ్ళదే కాబోలు, పెళ్ళిళ్ళలో కలిసే చుట్టాలది కాదు.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఎవరికి చెప్పుకోవాలో తోచకపోతే మానసిక సమస్యలకి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. రోగే చేయాలని లేదు, ఇంట్లోవాళ్ళూ చేయొచ్చు. నాన్న మాత్రం ఇదంతా మోపిదేవి సుబ్బారాయుడి దయ అంటారు. కాదనను. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాను, రాత్రికి మాత్ర వేసుకుంటాను.

మొన్న కార్తీకంలో అమ్మ నన్ను వదిలి మొదటిసారి అరుణాచలం వెళ్ళింది. గంటగంటకీ ఫోను. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, పడుకున్నావా. బ్రౌన్ గారు చెప్పిన మూడోది ఇదేనే తల్లీ అని విసుక్కున్నాను. ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ కూడా, రోజుకి రెండుసార్లు చాలమ్మా అని చెప్పారు. కాశీ వెళ్ళినప్పుడు అమ్మ ఆ మాట నిలబెట్టుకుంది. తను రెండుసార్లే చేసింది, మిగతావి చెల్లి చేత చేయించింది.