టీబీ క్లినిక్‌లో హెచ్‌ఐవీ పరీక్ష, మనవాళ్ళ గల్ఫ్ భయం

“మీ ఊరివాళ్ళు ఏ పరీక్షకైనా తలూపేస్తారు. అసలు విని ఒప్పుకుంటున్నారా?” ఇంగ్లండు టీబీ క్లినిక్‌లో ఒక సీనియర్ నర్సు అన్న ఈ మాట గుచ్చుకుంది. ఇక్కడ టీబీ తేలిన ప్రతివారికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తామంటాం. వద్దంటే మానేస్తాం, టీబీ మందులు మాత్రం ఆగవు. మా కోనసీమవాళ్ళు సాధారణంగా వద్దనరు.

అది అమాయకత్వం అంటే నేనొప్పుకోను. రాజోలు, మలికిపురం వైపు ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ పరీక్ష చాలామందికి తెలిసింది గల్ఫ్ ఉద్యోగానికి ముందు చేసే మెడికల్‌లోనే. రెండింట్లో ఏది తేడా వచ్చినా అన్‌ఫిట్. వీసా పోతుంది, ఏజెంటు కోసం చేసిన అప్పు మిగులుతుంది. అక్కడ వద్దనే వీలే లేదు. అందుకే ఇక్కడా నోరు మెదపకుండా చెయ్యి చాపుతారు, లోపల మాత్రం వణుకే.

కాబట్టి మనవాళ్ళకి ముందు చెప్పాల్సింది జబ్బు గురించి కాదు, ఫలితం ఎవరికి తెలుస్తుందో. యజమానికి వెళ్ళదు, దానివల్ల వీసా పోదు, ఇంగ్లండులో హెచ్‌ఐవీ వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. డాక్టరు మాట తెలుగులో చెప్పడానికని రోగితో కలిసి ఉండే బావమరిదిని కూర్చోబెట్టకూడదు. మొత్తం చెడేది అక్కడే.

తర్వాత చెప్పాల్సింది ఈ పరీక్ష ఎందుకో. హెచ్‌ఐవీ ఉంటే మందుల లెక్కే మారుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ వల్ల రక్తంలో హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ తగ్గిపోతుంది, అందుకే 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండుసార్లు వేయాలి. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందుల వైద్యం, మామూలుగా టీబీ మందులు మొదలైన 2 వారాల్లోపే మొదలుపెడతారు. మెదడు పొరలకి టీబీ సోకితే మాత్రం 4 నుంచి 8 వారాలు ఆగుతారు.

అమలాపురం, కాకినాడల్లోనూ టీబీ రోగులకి ఈ పరీక్ష మామూలే. వేలు గుచ్చి చేసిన మొదటి పరీక్ష రియాక్టివ్ అయినా, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని చూపినా, అంతటితో తేల్చరు, ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో, వేరే కిట్లతో మళ్ళీ చూస్తారు. సమ్మతి తీసుకోవాలనీ, గుట్టు కాపాడాలనీ మన దేశపు 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. చిక్కల్లా ఐసీటీసీ బోర్డు దగ్గరే. ఒకే ఆటోలో వచ్చిన ఊరివాళ్ళు చూస్తారని కొందరు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతారు. టీబీ గదిలోనే వేలు గుచ్చితే ఆ బాధ తప్పుతుంది. అయినా “భోంచేశావా అమ్మా” అని మొదలుపెట్టే మన కౌన్సిలర్ ముందు ఇంగ్లండు కరపత్రం ఏపాటిది?

ఆ నర్సుకి నా జవాబు ఇది: సూది తీసే ముందు “ఫలితం ఎవరెవరికి తెలుస్తుందండీ?” అని రోగినే అడగాలి. “కంపెనీకి” అన్నారంటే సూది పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి.